రంగంలో ఆటమాట ఎంతదాకా వచ్చింది?

ఫోన్ ఆటల్లోనూ నెట్‌లోనూ పుట్టిన మాటలు కుర్రకారు నోట మామూలు కబుర్లలోకి దిగిపోయాయని పెద్దలు అంటుంటారు. అనడం తేలిక, లెక్కపెట్టడం కష్టం. లెక్కపెట్టినవాళ్లలో భాషావేత్తలు సాలి టాగ్లియామాంటె, డెరెక్ డెనిస్ ముందుంటారు. టొరంటో టీనేజీ పిల్లలు ఒకరికొకరు పంపుకున్న చాట్ సందేశాలు పది లక్షల మాటలకు పైగా పోగేసి, 2008లో వ్యాసం అచ్చువేశారు. అందులో ‘ఎల్‌ఓఎల్’ తరహా పొట్టిమాటల వాటా మూడు శాతం కూడా తేలలేదు. చాట్‌లోనే అంత పల్చగా ఉన్న సరుకు నోట ఇంకెంత ఉంటుంది?

ఆ లెక్కను తెచ్చి మయన్మార్‌లోని యాంగోన్‌కు అతికించలేం. మన ఉత్తరాంధ్ర, గోదావరి పెద్దలు ‘రంగం’ అని పిలిచిన ఆ ఊళ్లో రాతకూ మాటకూ ఉన్న సంబంధమే వేరు. టొరంటో పిల్లలకు ముందు కంప్యూటర్ వచ్చింది, దాంతో కీబోర్డు వచ్చింది. యాంగోన్‌కు నేరుగా ఫోనే వచ్చింది, అదీ ఒక్కసారిగా. సైనిక పాలనలో సిమ్ కార్డు వెయ్యి డాలర్లకు పైన పలికిన రోజులున్నాయి. 2014 జనగణన నాటికి ఇంట్లో ఇంటర్నెట్ ఉన్న కుటుంబాలు దేశం మొత్తమ్మీద ఆరు శాతం చిల్లర. ఆ ఏడాదే ఊరెడూ, టెలినార్ కంపెనీలు దిగి సిమ్‌ను 1,500 క్యాట్లకు అమ్మాయి. కొద్ది ఏళ్లలో ఇంటర్నెట్ అంటే ఫేస్‌బుక్కే అన్నంతగా జనం అందులో చేరిపోయారు.

చేరారు గానీ రాత ఓ పట్టాన కుదరలేదు. బర్మీస్ రాయడానికి వాడిన పాత జోజీ ఫాంటులో కొట్టింది యూనికోడ్ ఫోన్‌లో గజిబిజిగా కనబడేది. 2019 అక్టోబరు 1న దేశం అధికారికంగా యూనికోడ్‌కు మారింది. ఆ గజిబిజితో విసిగినవాళ్లు బర్మీస్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవారు, మనవాళ్లు తెలుగును కొట్టినట్టే. పైగా బర్మీస్‌లో గ్రాంథికం, వ్యావహారికం విడివిడిగా ఉన్నాయి. గిడుగు రామమూర్తి మన దగ్గర లేవదీసిన వాదంలాంటిదే అక్కడ 1960ల మధ్యలో కొందరు రచయితలు లేవదీశారు, అయినా గ్రాంథికం పూర్తిగా పోలేదు. ఫేస్‌బుక్‌లో మాత్రం జనం మాట్లాడినట్టే రాశారు. అందుకే ఒక యాసమాట తెరమీద కనబడితే, అది తెర నుంచి నోటికి దిగిందో, నోటి నుంచి తెరకెక్కిందో రాత చూసి తేల్చలేం. రెండో దారే ఎక్కువని నా అనుమానం.

ఆ అనుమానానికి ఆధారం ఆ ఊరి నోరే. బర్మీస్‌లో యాసను ‘బన్ జగా’ అంటారు. మాటలోని పలుకులు తారుమారు చేసి అసలు మాట దాచే ‘జగా లెయిన్’ మన పిల్లల క-భాషకు దగ్గరి చుట్టం. టీకొట్లో తీపి, పాలు, డికాషన్ పాళ్లు చెప్పడానికి ‘ఛో సెయిన్’, ‘పొ చ’ లాంటి చిన్న సంకేతం చాలు. బస్సు కండక్టరును ‘స్పేర్’ అనే ఇంగ్లీషు మాటతో పిలిచి ఆ మాటను తమదిగా చేసుకున్నారు. వీటిలో ఏదీ ఇంటర్నెట్ నేర్పలేదు.

ఇక ఆట. షాంఘై కంపెనీ మూన్‌టన్ 2016లో విడుదల చేసిన మొబైల్ లెజెండ్స్‌ను అయిదుగురి మీద అయిదుగురు ఫోన్లోనే ఆడతారు. 2021 జనవరి 24న సింగపూర్‌లో జరిగిన ప్రపంచ పోటీ ఫైనల్లో మయన్మార్ జట్టు బర్మీస్ ఘౌల్స్, ఫిలిప్పీన్స్ జట్టు బ్రెన్ ఈస్పోర్ట్స్ చేతిలో 4–3తో ఓడింది. యాస సంగతి చూసేవాళ్లు పట్టించుకోవలసింది ఈ ఆట చేసే చప్పుడు. మొదటి ప్రాణం పోగానే ‘ఫస్ట్ బ్లడ్’ అనీ, ఒక్కడే అయిదుగురినీ పడగొడితే ‘సావేజ్’ అనీ ఫోనే అరుస్తుంది. జట్టువాళ్లు వాయిస్ చాట్‌లో కేకలేసుకుంటారు. పక్కపక్కన కూర్చుంటే ఆ చాట్ కూడా అక్కర్లేదు. రెండు బొటనవేళ్లూ ఆటలో ఉంటే టైపు కొట్టేదెవరు? ఈ మాటలు ఆడేవాడి చెవికి ముందు చేరతాయి, అక్షరాలు తర్వాత. ‘ఏఎఫ్‌కే’కు అసలు అర్థం కీబోర్డు దగ్గర లేడని. కీబోర్డే లేని ఆటలో అది మధ్యలో వదిలేసి పోయినవాడికి పేరుగా మిగిలింది.

ఆటలో అరిచినంత మాత్రాన ఊళ్లో మాట్లాడినట్టు కాదు. కలిసిపోయిన మాటను పట్టుకోవడానికి భాషలోనే గుర్తులున్నాయి. బర్మీస్ పలుకు అచ్చుతోనో ముక్కుతోనో గొంతు బిగింపుతోనో ముగుస్తుంది. చివర బ్, గ్ నిలవవు. ఆట చేతగానివాణ్ని ‘నూబ్’ అన్నప్పుడు చివరి బ్ నిక్కచ్చిగా వినబడితే అది ఇంకా అరువుమాట. బ్ మింగి గొంతు బిగిస్తే ఇంటిమాట అవుతున్నట్టు. రెండో గుర్తు వ్యాకరణం. మనం లైక్ ‘కొడతాం’, వాళ్లు లైక్ ‘ఇస్తారు’. మనం పోస్టు ‘పెడతాం’, వాళ్లు ‘పైకెక్కిస్తారు’. వస్తువు అరువు, పని సొంతం. కాదని చెప్పే ‘మ’, ‘బూ’ల మధ్య అరువుమాట ఒంటరిగా నిలబడగలిగితే పూర్తిగా కలిసినట్టు. మూడోది, నేను ఎక్కువ నమ్మేది: ఆట ఆడనివాళ్లు కూడా ఆ మాట అంటున్నారా?

ఈ మూడో గీటురాయి మీద నిలిచే మాట ‘లైన్’. ‘లైన్ మకౌన్‌బూ’ అంటే సిగ్నల్ బాగాలేదని. ఇది కుర్రాళ్ల యాస కాదు, ఫోన్ ఉన్న ప్రతివాళ్లకూ అవసరమైన మాట. అవసరం ఎలా పెరిగిందో తారీఖులతో సహా చెప్పొచ్చు. సింగపూర్ ఫైనల్ అయిన ఎనిమిదో రోజున, 2021 ఫిబ్రవరి 1న, సైన్యం అధికారం లాక్కుంది. 4న ఫేస్‌బుక్‌ను ఆపారు. ఆ నెల మధ్య నుంచి రాత్రి ఒంటిగంట మొదలు పొద్దున తొమ్మిది దాకా ఇంటర్నెట్ కట్. మార్చి మధ్యలో మొబైల్ డేటా పోయింది. ఆపేసిన సైట్లను తెరిపించే ‘వీపీఎన్’, అప్పటిదాకా సాంకేతికుల మాటగా ఉన్నది, నిత్యావసరాల జాబితాలోకి వచ్చింది. నెట్ మాటను ఊరంతటి నోటికీ చేర్చింది వయసు కన్నా అడ్డంకేనని ఇక్కడ అనిపిస్తుంది. ‘సావేజ్’కు, ఆట ముగిశాక అనుకునే ‘జీజీ’కి అలాంటి తోపుడు లేదు, అవి ఆడేవాళ్ల వలయం దాటి వెళ్లడానికి వేరే కారణం కావాలి. ఒక కారణమైతే రాకపోలేదు. ప్రతిఘటన దళాలకు నిధులు కూడగట్టే ‘పీడీఎఫ్ గేమ్’ 2022లో వచ్చాక, ఆట జోలికి పోనివాళ్లు కూడా ఫోన్లో ఆట తెరిచారు. ఆట తెరిచినవాళ్లకు దాని భాష కూడా అబ్బిందనుకోవడం మాత్రం తొందరపాటు.

నోటిమాట ఆధారాలు ఇట్టే జారిపోతాయని రంగం చరిత్రే చెబుతుంది. 1930 మేలో భారతీయ, బర్మీస్ కూలీల మధ్య అల్లర్లు రేగినప్పుడు రేవులో మూటలు మోసినవాళ్లు ఎక్కువమంది తెలుగువాళ్లు. ఊళ్లో పరభాషల వాళ్ల మధ్య హిందుస్తానీ నడిచేది. 1931 జనగణన ఎవరిది ఏ భాషో రాసుకుంది. రేవులో మేస్త్రీ ఏ కలగాపులగపు మాటతో కేకేశాడో ఆ పట్టికల్లో దొరకదు.

ఇప్పటి మాటనైనా పట్టుకోవాలంటే ఆట ఆడనివాళ్ల కబుర్లు టీకొట్లో, బస్సులో, వంటింట్లో రికార్డు చేయాలి. 2024 మధ్యలో యాంగోన్ వీధుల్లో ఫోన్లు ఆపి వీపీఎన్ కోసం వెతికారని వార్తలొచ్చాయి. 2025 జనవరి 1న సైబర్ భద్రతా చట్టం వచ్చింది. ఎవరి గొంతో తెలిసే టేపు అక్కడ మాట్లాడినవాడికి ముప్పు. కాస్త నిశ్చింతగా మాట్లాడించగలిగేది థాయిలాండ్‌లోని మే సోట్, చియాంగ్ మాయిలకు చేరిన యాంగోన్ పిల్లల్నే. వాళ్ల మాటలో థాయి కూడా కలుస్తుంది గనక, ఆ టేపుల లెక్క విడిగా కట్టాలి.