చిన్న నెట్‌వర్కుకు కాపలా ఎవరు?

వేప్పనపల్లి నుంచి ఉత్తరానికి పోతే కర్ణాటక, తూర్పుకు పోతే ఆంధ్ర. కృష్ణగిరి జిల్లా అంచున, కుప్పానికి పొరుగున ఉన్న ఈ ఊరి చుట్టుపక్కల తెలుగు, తమిళం, కన్నడం ఒకే బస్టాండులో వినిపిస్తాయి. ఇలాంటి ఊళ్ళలో కంప్యూటర్లు ఎక్కడెక్కడ ఉంటాయో అందరికీ తెలిసిందే: బడి, సహకార సంఘం, జిరాక్స్ అంగడి, పంచాయతీ ఆఫీసు. హోసూరు వైపు పోతే సిప్‌కాట్ పారిశ్రామిక వాడలోని పెద్ద కర్మాగారాలకు విడిభాగాలు చేసిచ్చే చిన్న యూనిట్లు. ఒక్కోచోట అయిదో, పదో సిస్టమ్‌లు, ఒక రౌటరు, ఒక ప్రింటరు. వీటిని చూసుకునే మనిషికి 'నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్' అన్న ఉద్యోగం ఉండదు. లెక్కలు రాసే గుమాస్తానో, సైన్సు టీచరో, సిస్టమ్ అమ్మిన అంగడి కుర్రాడో ఆ పని నెత్తిన వేసుకుంటాడు. నలభై ఏళ్ళలో ఆ మనిషి చేతికి ఏయే సాధనాలు అందాయో వరసగా చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. సాధనాలు ఏటికేడు చవకయ్యాయి, చాలా మటుకు ఉచితమయ్యాయి. నష్టం మాత్రం ఎవరికీ అప్పగించని చిన్న చిన్న పనుల దగ్గరే జరుగుతూ వచ్చింది.

పీసీలకు పట్టిన తొలి వైరస్‌గా చెప్పుకునే 'బ్రెయిన్' 1986లో లాహోరులో పుట్టింది. రాసింది బాసిత్, అమ్జద్ ఫరూక్ అల్వీ అనే అన్నదమ్ములు. అది ఫ్లాపీల మీద సవారీ చేసి దేశాలు దాటింది. ఏటా మార్చి 6న డిస్కులు తుడిచిపెట్టేలా తయారైన 'మైకెలాంజెలో' 1992లో వార్తలకెక్కేసరికి మన దేశంలోనూ విరుగుడు వెతికేవాళ్ళు బయలుదేరారు. పుణేలో కైలాష్ కాట్కర్‌ది కాలిక్యులేటర్లు బాగుచేసే దుకాణం. అక్కడికి రిపేరుకొచ్చే కంప్యూటర్ల కోసం తమ్ముడు సంజయ్ రాసిన ప్రోగ్రాములే తర్వాత క్విక్ హీల్ అయ్యాయి. ఇంచుమించు అదే కాలంలో చెన్నైలో కేశవర్ధనన్ కె7 కంప్యూటింగ్‌ను మొదలుపెట్టారు. మన దేశపు యాంటీవైరస్‌కు రిపేరు బల్ల దగ్గర కూడా పురుడు పోసుకున్న చరిత్ర ఉంది. దీన్ని నేను గొప్ప సంగతిగానే భావిస్తాను. చెడిపోయిన సిస్టమ్ ముందు కూర్చున్న మనిషి అవసరం తెలిసినవాళ్ళే దాన్ని తయారుచేశారు.

వేప్పనపల్లి పొరుగుకు నెట్‌వర్కు ముందే వచ్చింది. 2002లో హెచ్‌పీ సంస్థ, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి కుప్పంలో 'ఐ-కమ్యూనిటీ' అనే మూడేళ్ళ ప్రాజెక్టు చేపట్టాయి. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచి, వాటిని నడిపే బాధ్యత స్థానికులకే ఇచ్చారు. పల్లె జనం చేతుల్లో నెట్‌వర్కును పెట్టడం ఆ రోజుల్లో సాహసమే. మామూలు ఊళ్ళకు ఇంటర్నెట్ మాత్రం నెట్ సెంటర్ల రూపంలోనే చేరింది. ఫ్లాపీ పోయి పెన్‌డ్రైవ్ వచ్చింది. ఒకరి ఫోటో ప్రింటు, ఇంకొకరి దరఖాస్తు, మరొకరి సినిమా పాటలు, అన్నీ అదే సిస్టమ్‌లో దిగేవి. 'న్యూ ఫోల్డర్' అన్న పేరుతో, ఫోల్డర్ బొమ్మతో ఒక ఫైలు కనిపించేది. దాన్ని నొక్కితే అంతే, అది ఫోల్డర్ కాదు, వైరస్. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటదే ప్రోగ్రాము నడిపే విండోస్ ఆటోరన్ సదుపాయం ఈ తెగకంతటికీ రాజమార్గమైంది. 2008 నవంబరులో బయటపడ్డ 'కాన్‌ఫికర్' ఆ దారినీ వాడుకుంది, నెట్‌వర్కు దారినీ వాడుకుంది. దాన్ని ఆపే ప్యాచ్‌ను, అంటే లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను, మైక్రోసాఫ్ట్ అంతకు నెల ముందే, అక్టోబరులోనే ఇచ్చింది.

ఆ కాలపు నెట్ సెంటర్ వాళ్ళ చేతిలో మూడు మందులుండేవి. ఒకటి ఫార్మాట్ కొట్టడం. రెండోది డీప్ ఫ్రీజ్ అనే ప్రోగ్రాము: రీస్టార్ట్ చేస్తే చాలు, సిస్టమ్ మునుపటి స్థితికి వచ్చేసేది. మూడోది ఉచిత యాంటీవైరస్, అంటే ఎక్కువగా ఏవీజీ, అవాస్ట్. వీటి ఉచిత లైసెన్సు ఇంటి వాడకానికే గాని వ్యాపారానికి కాదు. ఆ షరతు చదివినవాళ్ళు తక్కువ. 2009 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చిన సెక్యూరిటీ ఎసెన్షియల్స్ కూడా మొదట ఇళ్ళకే. 2010 అక్టోబరులో నిబంధన మార్చి, 10 కంప్యూటర్ల దాకా ఉన్న చిన్న వ్యాపారాలకూ అనుమతిచ్చారు. చిన్న నెట్‌వర్కును ఒక కొలతగా గుర్తించిన నిర్ణయం కాబట్టి ఈ చరిత్రలో దానికి చోటివ్వాలి. 2011 ఫిబ్రవరిలో పాత విండోస్‌లకు పంపిన అప్‌డేట్‌తో పెన్‌డ్రైవ్‌ల ఆటోరన్ ఆగిపోయింది. ఏళ్ళ తరబడి యాంటీవైరస్‌లు తీర్చలేని బెడదను ఒక సెట్టింగు చాలావరకు తగ్గించింది. కాకపోతే దొంగ విండోస్ వేసుకుని, భయంతో అప్‌డేట్లు ఆపుకున్న సిస్టమ్‌లకు ఆ మేలు అందలేదు.

అప్‌డేట్ ఆపుకున్నందుకు ఎంత మూల్యం చెల్లించాలో 2017 మే 12న ప్రపంచమంతా చూసింది. 'వానాక్రై' అనే రాన్సమ్‌వేర్ ఫైళ్ళకు తాళం వేసి, విప్పాలంటే డబ్బడిగింది. దాన్ని ఆపే ప్యాచ్ మార్చి 14నే వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. తిరుమల తిరుపతి దేవస్థానంలోనూ కొన్ని చిక్కుకున్నాయి. అదే ఏడాది ఫిబ్రవరి 21న కేంద్ర ప్రభుత్వం 'సైబర్ స్వచ్ఛతా కేంద్ర'ను ప్రారంభించింది. కంప్యూటర్లలో నక్కి దొంగల ఆజ్ఞలు పాటించే బాట్‌లను ఏరివేసే సాధనాలను అది ఉచితంగా ఇస్తుంది. ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాక్ హైదరాబాదు కేంద్రం తయారుచేసినవి కొన్ని దానితోపాటే వచ్చాయి. 'యూఎస్‌బీ ప్రతిరోధ్' అనుమతిలేని పెన్‌డ్రైవ్‌ను దూరంగా ఉంచుతుంది. 'యాప్ సంవిద్' మనం ఒప్పుకున్న ప్రోగ్రాములనే నడవనిస్తుంది. పదేళ్ళ ముందు ప్రతి నెట్ సెంటరూ దేవులాడిన వస్తువులివి. ఊరి బడి టీచరు దాకా ఈ పేర్లు ఎందుకు చేరలేదని నాకు బాధగా ఉంటుంది. హెచ్చరికలు ప్రధానంగా ఇంగ్లీషులో వస్తాయి. మూడు భాషలు మాట్లాడే ఊళ్ళో అవి నాలుగో భాషలో దిగుతాయి.

2019 ఏప్రిల్ చివర్లో తెలంగాణ, ఆంధ్ర విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్‌తో మూతబడ్డాయి. తర్వాత కోలుకున్నాయి. విడిగా దాచిన బ్యాకప్ విలువ ఏమిటో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

అన్నిటికంటె లోతుగా చదవాల్సిన కేసు హైదరాబాదుది. 2022 జనవరిలో ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12.48 కోట్ల రూపాయలు పోయాయి. పోలీసు దర్యాప్తు బయటపెట్టిన వివరాలు సినిమా హ్యాకింగులా ఉండవు. అంతకు రెండు నెలల ముందు ఉద్యోగులకు రెండు వందలకు పైగా మోసపు ఈమెయిళ్ళు వచ్చాయి. ఇద్దరు వాటిని తెరిచారు. ఆ సందులోంచి దొంగలు సిస్టమ్‌ను దూరం నుంచి నడిపే ప్రోగ్రాము దించారు, కీబోర్డు మీద కొట్టిన అక్షరాలు పట్టుకున్నారు. ఫైర్‌వాల్‌కు చెల్లే లైసెన్సు లేదు. అన్ని అధికారాలూ ఉన్న సూపర్ యూజర్ ఖాతాలు 10 దాకా ఉన్నాయి, కొన్నిటికి ఒకే పాస్‌వర్డు. ప్రధాన కార్యాలయానికి, శాఖలకు నెట్‌వర్కులో అడ్డుగోడలు లేవు. ఒక్కచోట దూరినవాడికి ఇల్లంతా తెరిచే ఉంది. పట్టణ సహకార బ్యాంకులు ఏమేం చేయాలో చెబుతూ రిజర్వు బ్యాంకు 2018 అక్టోబరులోనే ప్రాథమిక సైబర్ భద్రతా నియమాలు ఇచ్చింది. చేయాల్సిన ఈ పనుల్లో రాకెట్ సైన్సు ఏదీ లేదు. లైసెన్సు పునరుద్ధరించడం, వాడని ఖాతాలు తీసేయడం, పాస్‌వర్డులు మార్చడం: నెలకు ఒక పూట పని. అయితే ఆ పూటను ఎవరికో రాసివ్వాలి, ఆ మనిషి 'ఇది మార్చాలి' అంటే మేనేజరు వినాలి. సంఘాల్లో, బడుల్లో ఇప్పటికీ లోటు అక్కడే ఉందని నా నమ్మకం.

2004 నుంచి పనిచేస్తున్న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న కొత్త ఆదేశాలిచ్చింది. దాడి గుర్తించిన 6 గంటల్లో తెలపాలి, సిస్టమ్‌లో జరిగినవన్నీ నమోదయ్యే లాగ్‌లు 180 రోజులు దాచాలి. చిన్న పరిశ్రమలకు సెప్టెంబరు 25 దాకా గడువు పొడిగించారు. ఆ ఏడాది జూన్‌లోనే 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను కంప్యూటరీకరించడానికి కేంద్రం ఒప్పుకుంది. ఒక చేత్తో కొత్త నెట్‌వర్కులు, ఇంకో చేత్తో కొత్త విధులు వచ్చాయన్నమాట. మధ్యలో ఉండాల్సిన మనిషి జీతం ఊసు మాత్రం వినబడలేదు.

ఇప్పుడు ప్రమాదం ఇంకో దిక్కు నుంచి వస్తోంది. 2024 ఏప్రిల్‌లో అవాస్ట్ పరిశోధకులు ఒక సంగతి బయటపెట్టారు: భారతీయ యాంటీవైరస్ ఈస్కాన్ అప్‌డేట్లు రక్షణ లేని పాత పద్ధతిలో పంపుతుండగా, దుండగులు దారిలో వాటిని మార్చి మాల్‌వేర్ ఎక్కించారు. లోపాన్ని 2023లోనే సరిదిద్దారు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తప్పుడు అప్‌డేట్ 85 లక్షల విండోస్ యంత్రాలను పడేసింది. అది దాడి కూడా కాదు. అదే నెలాఖరులో బ్యాంకులకు సాంకేతిక సేవలిచ్చే సీ-ఎడ్జ్ అనే సంస్థకు రాన్సమ్‌వేర్ తగిలి, దాని మీద ఆధారపడ్డ దాదాపు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు కొంతకాలం ఆగాయి. వాటిలో సహకార, గ్రామీణ బ్యాంకులే ఎక్కువ. మన సిస్టమ్‌ను మనం ఎంత శుభ్రంగా ఉంచుకున్నా, సేవలు ఇచ్చేవాళ్ళ దగ్గర తెగితే మన కౌంటరూ ఆగిపోతుంది. బ్యాంకు సాఫ్ట్‌వేరు ఆగినప్పుడు ఎవరికి ఫోను చేయాలో, చేతి రశీదులు ఎలా రాయాలో కాగితం మీద ఉండాల్సింది ఇందుకే.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా అప్‌డేట్ల గడువు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కొత్త ప్రాసెసరు పాత సిస్టమ్‌లలో చాలావాటికి ఉండవు. వ్యాపార సంస్థలు అప్‌డేట్లు కొనుక్కోవాలంటే సిస్టమ్‌కు మొదటి ఏడాది 61 డాలర్లు, తర్వాత ఏటా రెట్టింపు. పది సిస్టమ్‌ల సంఘానికి ఇది ఒక గుమాస్తా నెల జీతం కంటె ఎక్కువే. లినక్స్‌కు మారడం ఒక దారి, ఆ సిస్టమ్‌లను ఇంటర్నెట్‌కు దూరంగా ఒక మూలకు కట్టేయడం ఇంకో దారి. ఏ దారి పట్టాలో తేల్చాల్సింది ఇంకా పేరు పెట్టని ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్ళే: వేప్పనపల్లి, కుప్పం, హోసూరు ఊళ్ళలోని గుమాస్తా, టీచరు, అంగడి కుర్రాడు.