కుప్పలో దాగిన నిప్పు

'వ్యర్థము' అంటే ప్రయోజనం లేనిదని నిఘంటువుల అర్థం. ఆ అర్థాన్ని ప్రశ్నించే చరిత్ర ఒకటుంది.

1776లో ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా మజ్జోరె సరస్సు బురదలోని బుడగలను పట్టి, అవి మండుతాయని చూపాడు. అదే మీథేన్. పూడ్చిన చెత్త గాలి తగలక కుళ్ళినా పుట్టేది అదే.

1986 మార్చి 24న ఇంగ్లండులోని లోస్కో గ్రామంలో వాతావరణ పీడనం హఠాత్తుగా పడిపోయింది. పాత చెత్తగుంత నుండి వాయువు నేలలో పాకి ఒక ఇంట చేరి పేలింది. ఇల్లు నేలమట్టమైంది, ముగ్గురు తీవ్రంగా గాయపడ్డారు.

శిలాజేతర విద్యుత్తును కొనితీరాలని ఆ దేశంలో 1990లో వచ్చిన నిబంధన చెత్తవాయువుకూ వర్తించింది. గుంతల్లోకి గొట్టాలు దింపి, వాయువును లాగి, యంత్రాలలో మండించి విద్యుత్తు తీశారు. ఇల్లు కూల్చినదే ఇంటి దీపమైంది.

అయినా గొట్టాలకు చిక్కని మీథేన్ ఆకాశానికి పోతూనే ఉంటుంది. కనుక తడిచెత్తను గుంతకు చేరనీయకపోవడమే మొదటి ధర్మమని నా అభిప్రాయం.