పాత కార్డు, కొత్త ఎలివేషన్

నూజివీడు చుట్టుపక్కల మామిడికాయ డబ్బు చేతికందాక ఇల్లు మొదలుపెట్టాలనుకునే రైతు ఇవాళ ప్లాను చూసి తలూపి ఊరుకోడు. ‘‘త్రీడీ ఎలివేషన్ ఏదండీ?’’ అంటాడు. ట్రేసింగ్ కాగితం మీద గీసి అమ్మోనియా ప్రింటు తీసిచ్చిన కాలంలో గోడలు లేచాకే ఇంటి ముఖం తెలిసేది. ఇప్పుడు పునాది తవ్వకముందే ఫ్లెక్సీ మీద కనపడాలి. ఆ బొమ్మ తీసే కుర్రాడి దగ్గర ఉన్నది మాత్రం చాలాసార్లు పదేళ్ల నాటి కంప్యూటర్. దానికి అన్నిటికన్నా మంచి సాఫ్ట్‌వేర్ ఏదని వెతికితే జవాబు దొరకదు. అందులోని గ్రాఫిక్స్ కార్డు ఏ సంవత్సరానిదో చూసి, ఈ విద్య చరిత్రలో ఆ సంవత్సరం దగ్గర ఆగాలి.

కాంతి లెక్క ముందు పుట్టింది, దాన్ని మోయగల యంత్రం చాలా వెనక వచ్చింది. 1980లో టర్నర్ విటెడ్ కాంతి కిరణాలను కంటి వైపు నుంచి వెనక్కి వెంబడించి అద్దాలనూ నీడలనూ లెక్కగట్టే పద్ధతి ప్రచురించాడు. గోడకు తగిలి గదంతా పరుచుకునే వెలుతురును కూడా కలిపి 1986లో జేమ్స్ కజియా ఒకే సమీకరణం రాశాడు. 2002లో బల్గేరియా నుంచి వీ-రే అనే రెండరింగ్ సాఫ్ట్‌వేర్ వచ్చి భవనాల బొమ్మలు తీసేవాళ్లకు ఇష్టమైన పనిముట్టయింది కానీ భారమంతా ప్రాసెసర్ మీదే. రాత్రి రెండర్ పెట్టి పొద్దున చూసుకోవడం, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి రావడం.

2007లో ఎన్విడియా ‘క్యూడా’ విడుదల చేయడంతో ఆటల కోసం చేసిన కార్డుతో మామూలు లెక్కలూ చేయించే వీలు దొరికింది. 2009లో వీ-రే గ్రాఫిక్స్ కార్డు (జీపీయూ) మీద నడిచే తన నమూనా చూపించింది. 2010లో కార్డు మీదే నడిచే ఆక్టేన్ బయటికొచ్చింది. 2011 డిసెంబరులో ఉచిత త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ 2.61తో సైకిల్స్ అనే రెండర్ ఇంజన్ ఉచితంగా అందింది. మన జిల్లా కేంద్రాల్లో, చిన్న పట్టణాల్లో ఈ పని చేసేవాళ్లకు అసలు మలుపు ఈ సైకిల్సేనని నా అభిప్రాయం. 2010లోనే వచ్చిన లూమియన్ దారి వేరు. కిరణాలను పూర్తిగా లెక్కించకుండా, వీడియో గేముల ఒడుపుతో క్షణాల్లో బొమ్మ చూపిస్తుంది.

ఈ బొమ్మల సంగతి ఇంటింటికీ తెలిసింది మాత్రం ఆంధ్రప్రదేశ్ రాజధాని అమరావతితోనే. 2015 అక్టోబరులో శంకుస్థాపన జరిగాక రాజధాని భవనాల ఊహాచిత్రాలు పత్రికల మొదటి పేజీల్లో పడ్డాయి. 2017లో ఆ భవనాలకు ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్ సంస్థ ఇచ్చిన డిజైన్ల విషయంలో ప్రభుత్వం దర్శకుడు రాజమౌళి సలహా కూడా అడిగింది. చివరికి ‘గ్రాఫిక్స్’ అన్నది రాజకీయ ఎత్తిపొడుపైంది. తిట్టుగానైనా మాట జనంలో పడింది.

2018లో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ కార్డులు కిరణాల లెక్కకు ప్రత్యేక భాగాలతో వచ్చాయి. అప్పటినుంచి కొత్త సాఫ్ట్‌వేర్లు ఆ బలాన్ని దృష్టిలో పెట్టుకునే తయారవుతున్నాయి. పాత కార్డులకు వాకిలి మూసుకుపోవడం అక్కడ మొదలైంది. 2021 డిసెంబరులో బ్లెండర్ 3.0, ఏఎండీ కార్డులతో లెక్క చేయించే ఓపెన్‌సీఎల్‌ను వదిలేయడంతో పాత ఏఎండీ కార్డులతో సైకిల్స్ నడపడం కుదరకుండా పోయింది. విండోస్ 7కు మద్దతు అంతకుముందు 2.93తోనే ఆగింది. అందుకే విండోస్ 7 కన్నా కొత్తది ఉన్న పాత మిషన్‌కు నేను చెప్పేది 2.93. 2014 నాటి జీటీఎక్స్ 750 టీఐ కార్డు మీద కూడా అందులో సైకిల్స్ నడుస్తుంది. ఇంటెల్ వాళ్ల డీనాయిజర్ 2.81 నుంచే ఉంది కాబట్టి తక్కువ శాంపిళ్లతో రెండర్ చేసి మచ్చలు తుడిపించవచ్చు. అదీ బరువైతే బ్లెండర్‌లోనే 2019లో వచ్చిన ఈవీ అనే తేలిక ఇంజన్ ఉంది. గాజు, అద్దం దగ్గర కాస్త తేలిపోతుంది గానీ ఎలివేషన్‌కు చాలు.

అసలు చిక్కు వేగంతో కాదు, మెమరీతో. 750 టీఐలో సాధారణంగా ఉండేది 2 జీబీ. గోడ రాయికో టైల్‌కో పెట్టే 4096 చుక్కల చదరపు బొమ్మ ఒక్కోటి కార్డులో విప్పుకుంటే దాదాపు 64 ఎంబీ. అలాంటివి 32 చేరితే కార్డు నిండిపోతుంది, ఇల్లు ఇంకా మొదలే కాలేదు. దూరంగా కనపడే గోడకు 1024 చుక్కలది పెడితే 4 ఎంబీతో పోతుంది.

ఇక తోట. ఇంటి చుట్టూ మామిడి చెట్లు కనపడకపోతే రైతు ఒప్పుకోడు. సాఫ్ట్‌వేర్లతో వచ్చే చెట్లేమో ఎక్కువగా చలిదేశాలవి. మేపుల్ చెట్టు పక్కన పెంకుటిల్లు పెట్టిన బొమ్మలు చూస్తే నవ్వొస్తుంది. కొమ్మలు గుబురుగా, ఆకులు పొడుగ్గా ఉండే మామిడి చెట్టు ఒకటి సొంతంగా చేసుకోవడమే మేలు. పది మీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి 40 చెట్లు. వాటిని మామూలుగా కాపీ చేస్తే ప్రతి చెట్టూ మెమరీలో విడిగా కూర్చుంటుంది. బ్లెండర్‌లో ఆల్ట్ డి నొక్కి కాపీ చేస్తే 40 చెట్లకూ ఒక్క చెట్టు ఆకారమే సరిపోతుంది. ఒక్కోదాన్ని కాస్త తిప్పి, కొన్నిటిని చిన్నవి చేస్తే తోట తోటలాగే ఉంటుంది.

సెకండ్ హ్యాండ్‌లో కార్డు మార్చదలిస్తే 2016 నాటి జీటీఎక్స్ 1060 ఇప్పటికీ పనికొస్తుంది. అయితే అదే పేరుతో 6 జీబీది, 3 జీబీది రెండూ ఉన్నాయి. మామిడిపళ్లలో చిన్న రసమో పెద్ద రసమో చూడకుండా బుట్ట కొన్నట్టు కొనకండి, 6 జీబీదే అడగండి. 750 టీఐ 60 వాట్లతో, మామూలుగా వేరే కేబుల్ లేకుండా నడుస్తుంది. 1060కి 120 వాట్లు, సాధారణంగా ఆరు పిన్నుల విడి పవర్ కేబుల్ కావాలి. డబ్బులిచ్చే ముందు కేబినెట్ తెరిచి, పాత ఎస్‌ఎంపీఎస్‌లో (పవర్ సప్లైలో) కార్డుకు సరిపోయే ఆ కనెక్టర్ ఉందో లేదో చూసుకోండి.