తోట పంపిందే కూర



కూరల బండి దగ్గర గీచి గీచి బేరమాడి, కొసరుగా నాలుగు పచ్చిమిరపకాయలూ ఓ కరివేపాకు రెబ్బా వేయించుకుని రావడం మనకి అలవాటే. బేరంలో నెగ్గామనుకుంటాం. మనమిచ్చిన రూపాయిలో రైతుకి ఎంత ముట్టిందో మాత్రం మనకి తెలియదు. అలాకాక ఇల్లాళ్ళంతా జట్టుకట్టి నేరుగా రైతు దగ్గరే కొనుక్కుంటేనో? జపాను స్త్రీలు అరవై ఏళ్ళ కిందటే ఆ పనికి పూనుకున్నారు. ఈవేళ వాళ్ళ కథ చెప్పుకుందాం.

మొదట మొదలైంది పాలతో. 1965లో టోక్యో నగరం సెతగాయా ప్రాంతంలో 200 మందికి పైగా గృహిణులు కలిసి, 300 సీసాల పాలు ఒక్కుమ్మడిగా తక్కువ ధరకి కొన్నారు. ఆ జట్టు పేరు సెయికత్సు క్లబ్. సెయికత్సు అంటే జీవనం. 1968లో అది సహకార సంఘమైంది. పాల తరవాత బియ్యం, గుడ్లు, కూరలు, పళ్ళు వచ్చాయి. ఇరుగుపొరుగు ఇళ్ళు కొన్ని కలిస్తే ఒక 'హాన్'. ఏది ఎంత కావాలో ముందే రాసివ్వాలి. సరుకు ఒకచోట దింపితే తామే పంచుకోవాలి. 1989లో ఈ సంఘానికి స్వీడన్‌వారి రైట్ లైవ్లీహుడ్ పురస్కారం దక్కింది.

కూరల దగ్గరికొచ్చేసరికి ఇంకో చిక్కు ఎదురైంది. పురుగుమందుల భయం దేశమంతా పాకిన రోజులవి. మందులు లేని పంట కావాలని 1970లలో టోక్యో గృహిణులు చిబా ప్రాంతంలోని మియొషి గ్రామ రైతుల్ని అడిగారు. మందు కొట్టకపోతే పంట పాడవుతుందేమో, పుచ్చు కాయ ఎవరు కొంటారు అని రైతులు సందేహించారు. న్యాయమైన సందేహమే కదండీ! అప్పుడా ఇల్లాళ్ళు ఒక మాట ఇచ్చారు: "పండింది పండినట్టు అంతా మేమే తీసుకుంటాం." ఆ మాట మీదే ఒప్పందం కుదిరింది.

ఇలాంటి పొత్తుని జపాను భాషలో 'తెయికెయి' అంటారు. 1971లో ఏర్పడిన జపాను సేంద్రియ వ్యవసాయ సంఘం 1978లో దీనికి పది సూత్రాలు రాసింది. ధర ఇరుపక్షాలూ కూర్చుని తేల్చుకోవాలి. ఏరి, వేరుచేసి, కట్టలు కట్టే ఖర్చు తప్పిందనీ, పంటంతా అమ్ముడవుతుందనీ రైతు గమనించాలి. తాజా, మంచి ఆహారం దొరుకుతోందని కొనేవాళ్ళు గమనించాలి. చూశారా, ఇందులో గీచి బేరమాడడం లేదు!

కానీ ఆ మాట నిలబెట్టుకోవడం తేలికా? ముల్లంగి విరగకాసిన వారం బుట్ట నిండా ముల్లంగే. మన ఇళ్ళలో అయితే సాంబారు, పచ్చడి, కూర అయ్యాక పిల్లలు కంచం ముందు మొహం ముడుస్తారు! "ఈవేళ ఏం వండను?" అనే ప్రశ్న పోయి, "తోట ఏం పంపింది?" అనే ప్రశ్న వస్తుంది.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. సరుకు దింపించుకోవడం, తూచడం, పంచడం, లెక్కలు రాయడం చాలామటుకు ఆడవాళ్ళే జీతం లేకుండా చేశారు. ఆ చౌకలో వాళ్ళ రెక్కల కష్టం కలిసి ఉంది. తరవాత చాలామంది ఉద్యోగాలకి వెళ్ళడంతో అనేక తెయికెయి జట్లు పలచబడ్డాయి.

మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలయ్యాయి. దళారీ బెడద లేకుండా రైతే అమ్ముకునే ఏర్పాటది, మేలే జరిగింది. అయితే రేపు కొంటామన్న హామీ రైతుకి అక్కడా లేదు. ధర పడిపోయి టమాటాలు రోడ్డు మీద పారబోసిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాంగా!

అంచేత, మీ వీధిలోనో అపార్టుమెంటులోనో ఇలాంటి జట్టు కడితే తప్పకుండా చేరండి. చేరేముందు రెండు సంగతులు తేల్చుకోండి. వంకాయ పుచ్చినా, ముల్లంగి ఎక్కువైనా ఇచ్చిన మాట మీద నిలబడగలమా? తూచే తక్కెడ, రాసే పుస్తకం ఇంట్లో మగవాళ్ళ చేతికీ వంతులవారీగా వెళ్తాయా? ఈ రెంటికీ 'ఔన'ని జవాబు వస్తే, ఆ చౌక మీకూ రైతుకీ కూడా నిలుస్తుంది.