మిరియాల రాణి

పొంగలిలో పంటికి తగిలితే పిల్లలు ఏరి పక్కన పెట్టే మిరియాన్ని మనం గింజ అంటాం గానీ, నిజానికి అది పండు. పడమటి కనుమల అడవుల్లో వానలు విరగబడి కురిసేచోట చెట్లకు పాకే తీగకు గుత్తులుగా కాస్తుంది. కణుపుల దగ్గర పుట్టే వేళ్ళతో బెరడును కరుచుకుని పైకెక్కుతుంది. తమలపాకు తీగను చూసినవాళ్ళకు వేరే చెప్పక్కరలేదు, రెండూ ఒకే కుటుంబం. పచ్చికాయలు కోసి ఎండబెడితే ముడతలుపడి నల్లబడతాయి. పండినవాటిని నానబెట్టి తొక్క తీస్తే తెల్ల మిరియాలు. అడవితీగల్లో ఆడ, మగ సాధారణంగా వేరువేరు. తోటల తీగల్లో మాత్రం రెండూ ఒకే పువ్వులో ఉంటాయి. ఎన్ని తరాలవాళ్ళు మంచి తీగలు ఏరి నాటితే ఇలా అయిందో!

మిరపకాయ రాకముందు మన వంటింట్లో కారమంటే ఇదే. ఆ తర్వాత వచ్చిన కాయ దీని పేరునే తగిలించుకుని మిరప అయింది. దాన్ని ఓడల్లో తెచ్చిన బుడతకీచులు 1498లో కాలికట్టు చేరింది మిరియాల కోసమే.

వాళ్ళకు కొరకరాని కొయ్య అయిన ఒక స్త్రీని గురించి మన పిల్లల చరిత్ర పుస్తకాల్లో వెతికినా కనబడదు. ఆవిడ గేరుసొప్ప రాణి చెన్నభైరాదేవి. కన్నడదేశంలో శరావతి ఒడ్డున, జోగ్ జలపాతానికి దిగువన ఆవిడ రాజధాని. విజయనగరానికి సామంతురాలు. సుమారు 1552 నుంచి 1606 దాకా, అంటే 54 ఏళ్ళు ఏలింది. కొండల్లో కాసిన మిరియం ఆవిడ రేవుల్లోనే ఓడ ఎక్కాలి. అందుకే 1559లో, మళ్ళీ 1570లో బుడతకీచులతో యుద్ధాలు. ఈ రెండింటి మధ్య 1565లో రక్కసి తంగడి దగ్గర విజయనగరం కూలింది. వెనక పెద్దదిక్కు లేకపోయినా ఆవిడ ఇంకో 40 ఏళ్ళు నిలబడింది. ఆ శత్రువులే ఆవిడను ‘మిరియాల రాణి’ అన్నారు.

చివరికి దెబ్బ కొట్టింది ఇరుగుపొరుగువాళ్ళే. కెళది వెంకటప్ప నాయకుడు రాజ్యం లాక్కున్నాడు. ఆవిడ చెరలోనే కన్నుమూసింది.

1623లో ఆ దారిన వెళ్ళిన ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వాలేకు గేరుసొప్పలో కొన్ని గుడిసెలు, ఊరంతా కమ్మేసిన చెట్లు కనబడ్డాయి. రాణి ఎవడో పరాయివాణ్ణి వలచి, రాజ్యం అతని చేతిలో పెట్టి చెడిపోయిందని విన్నది రాసుకున్నాడు. నాకైతే నమ్మబుద్ధి కాదు. అర్ధశతాబ్దం పైగా మిరియాల లెక్క చూసుకున్న మనిషికి మనుషుల లెక్క తెలియదంటారా? రాజు ఓడితే సైన్యం చాలలేదంటారు, రాణి ఓడితే ఇలాంటి కథ పుడుతుంది.

గేరుసొప్ప అడవిలో నాలుగు దిక్కులా ద్వారాలున్న చతుర్ముఖ బసది అనే జైన ఆలయం ఒకటి ఇప్పటికీ ఉంది. జోగ్ చూడ్డానికి వెళ్ళేవాళ్ళు అక్కడా ఓ పూట ఆగవచ్చు.