మారిషస్ కొండలెక్కే పిల్లలకు

వేసవి సెలవులకు మారిషస్ వెళ్ళివచ్చిన మన హేస్ పిల్లలు ఈసారి సముద్రతీరం ఫోటోలతోపాటు కొండశిఖరాల ఫోటోలు కూడా తెచ్చారు. చూసి ఎంతో సంతోషించాము. కాని "మన ముత్తాతలు కూడా ఈ కొండ ఎక్కేవారా?" అని ఒక పాప అడిగినప్పుడు పెద్దలమందరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ఆ ప్రశ్నకు సమాధానంగా ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మారిషస్ అగ్నిపర్వతం వల్ల పుట్టిన దీవి. లక్షలాది సంవత్సరాల క్రిందట సముద్రంలోనుంచి లేచిన ఆ మహాపర్వతం కూలి, అరిగిపోగా, మిగిలిన అంచులే నేటి కొండల వరుసలు. తరువాత పొంగిన లావా మైదానాలను కప్పి నల్లరాయిగా గడ్డకట్టినది. క్యూర్‌పీప్‌లోని త్రూ ఓ సెర్ఫ్ బిలం అంచున నిలబడితే ఆ సంగతి కళ్ళకు కడుతుంది. అక్కడ అగ్ని చల్లారినా, పొరుగున ఉన్న రెయూనియన్ దీవిలో మాత్రం ఇంకా అప్పుడప్పుడు లావా పొంగుతూనే ఉన్నది.

మన పిల్లలు ఎక్కినది లె పూస్. ఫ్రెంచిలో బొటనవ్రేలు అని అర్థం. ఎత్తు సుమారు 812 మీటర్లు. మోకా వైపునుంచి చెరకు తోటల మధ్యగా బాట మొదలవుతుంది. పైనుంచి ఒకవైపు పోర్ట్ లూయిస్ రేవు, మరొకవైపు నెత్తిన గుండ్రాయి మోస్తున్న పీటర్ బోత్ శిఖరం కనిపిస్తాయి. 1836 మే నెలలో బీగిల్ ఓడలో వచ్చిన చార్లెస్ డార్విన్ కూడా ఈ కొండ ఎక్కాడు.

బానిసత్వం 1835లో రద్దయిన ఆ రోజులలోనే భారతదేశపు కూలీలు ఈ దీవికి రాసాగారు. వారిలో మనవారూ ఉన్నారు. కోరంగి రేవు పేరుమీదనే అక్కడ మనకు కొరంగీలని పేరు వచ్చినది. వారికి ఈ అగ్నిపర్వతం ఇచ్చినది శిఖరాలు కాదు, రాళ్ళు. చెరకు నాటాలంటే ముందు నేలలోని నల్లరాళ్ళు ఏరాలి. కూలీలు చేతులతో ఏరి పేర్చిన ఆ గుట్టలు నేటికీ తోటల నడుమ నిలిచి ఉన్నాయి.

ఇక కొండ ఎక్కడమంటారా? 1867 నాటి కార్మిక చట్టం ప్రకారం, ఒప్పందం ముగించుకున్న కూలీ సైతం తన ఫోటో ఉన్న టిక్కెట్టును, పోలీసు పాసును వెంట ఉంచుకోవాలి. లేకపోతే దేశదిమ్మరి అని పట్టి జైలులో పెట్టేవారు. ఇష్టం వచ్చిన చోటికి నడిచిపోవడమే వారికి నేరం! ఈ అన్యాయంపై 1871లో 9,401 మంది భారతీయులు గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు. దానిని సిద్ధపరచడంలో వారికి అండగా నిలిచినవాడు అడోల్ఫ్ ద ప్లెవిట్జ్. మరుసటి సంవత్సరం రాయల్ కమిషన్ వచ్చినది. 1878లో కొత్త చట్టం వచ్చినది.

కనుక పాప ప్రశ్నకు మా సమాధానం ఇది: అమ్మా, వారికి ఎక్కే తీరికా లేదు, స్వేచ్ఛా లేదు. నీవు సరదాగా నడిచిన బాట వారు అడిగి, కొట్లాడి సంపాదించినది.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈసారి లె పూస్ దిగిన తరువాత, మోకాలోనే ఉన్న మహాత్మా గాంధీ సంస్థకు కూడా పిల్లలను తీసుకువెళ్ళండి. వలస వచ్చినవారి రిజిస్టర్లు అక్కడ భద్రపరచి ఉన్నాయి. మీ పెద్దల పేరు, తోట పేరు, వలస నంబరు తెలిస్తే ముందే వ్రాసి పెట్టుకోండి. తెలియకపోతే ఇంటిలోని అవ్వనో తాతనో ఇప్పుడే అడగండి. కొండ ఎక్కడికీ పోదు. చెప్పగల పెద్దలు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు.