పెన్నేటి పాత షీటు

సర్వే ఆఫ్ ఇండియా వేసిన 57 జె/5 షీటులో జమ్మలమడుగూ గండికోటా ఉన్నాయి. ఇంచికి మైలు స్కేలు. సర్వే శాఖలో గొలుసు పట్టి పొలాలు తిరిగినవాణ్ణి, ఈ పాత షీటంటే నాకు ప్రాణం. మా గ్రామ పటాల్లో ఇంచికి ఐదు గొలుసులు. రైతు పొలం గట్టు దాకా కనబడేది. ఈ షీటులో ఇంచికి 80 గొలుసులు. గట్లు మాయమై ఏరు మొత్తం కనబడుతుంది.

ఎర్రమల కొండల్ని పెన్నేరు కోసుకుపోయిన చోట గోధుమరంగు కాంటూరు గీతలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. గండి అంత నిటారు. దాన్ని దాటాక ఏరు వెడల్పై ఇసుక చుక్కలు మొదలవుతాయి. నీళ్లు నిలిచే చోటే నీలం, ఎండిపోయే వంకలన్నీ నల్లగీతలు. మన సీమ షీట్లలో నలుపే ఎక్కువ. ఆ చుక్కల ఇసుకలోనే చెలమలు తవ్వుకుని ఊళ్లకు ఊళ్లు బతికాయి. చెలమకు మాత్రం షీటులో గుర్తు లేదు.

1800లో నిజాం ఈ సీమను కుంఫిణీకి వదులుకున్నాడు. కలెక్టర్ మన్రో పన్ను కోసం పొలాలు కొలిపించాడు. 1810 ప్రాంతంలో కల్నల్ మెకంజీ సర్వే ఇక్కడికొచ్చింది. ఆయన మనుషులు కొండలూ ఏర్లూ కొలవడంతో ఆగక, కరణాల కవిలెలు చూసి, పెద్దల్ని అడిగి ఊరూరి చరిత్రను కైఫీయతుగా రాయించారు. కడప జిల్లా కైఫీయతుల్ని సి.పి. బ్రౌన్ కేంద్రం సంపుటాలుగా అచ్చు వేసింది. చెరువు ఎవరు తవ్వించారో కైఫీయతులో చదివి, అది ఎక్కడుందో షీటులో వెతుకుతాను. కట్ట పక్కన దాని ఎత్తు అంకె కూడా ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే ఊరి చరిత్ర పూర్తవుతుందని నా నమ్మకం.

ఇప్పుడు గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్లు పెన్నేటికి వస్తున్నాయి. సీమకు నీళ్లొచ్చాయంటే నా కంటే సంతోషించేవాడు లేడు. కానీ గండికి పైనున్న తాళ్లప్రొద్దుటూరు ముంపుతో ఖాళీ అయింది. అంతకుముందే శ్రీశైలం జలాశయం కర్నూలు వైపు ఎన్నో ఊళ్లను ముంచింది. కొత్త పటంలో అక్కడంతా నీలమే. గుడి, బావి, బండిబాట ఎక్కడుండేవో పాత షీటే చెప్పాలి.

మీ ఇంట్లో తాత పెట్టెలో ఇలాంటి షీటు దొరికితే తూకానికి వేయకండి. స్కాన్ చేయించి, మునిగిన ఊళ్ల పిల్లలకు ఒక ప్రతి ఇవ్వండి.